జీపుకు పల్లకీ సాక్ష్యం

జమీందారు పెదకోమటి భూపతి నాలుగు చక్రాలూ లాగే తన జీపుకు ఏనుగు కాళ్లంత చక్రాలు వేయించారు. అది కాస్తా కొండెక్కడం మానేసింది.

"ముందు ఇరుసులోనూ వెనక ఇరుసులోనూ గేర్లు మార్చాలి దొరా. చక్రాలు నెమ్మదిస్తే బలం వస్తుంది," అంది మెకానిక్ సూరాలు.

"నాకే నేర్పుతావా? వెనకవి మారిస్తే చాలు. కాదన్నావో, నీ షెడ్డు పీకిస్తా!"

"చిత్తం. ఈపూటకి పల్లకీలో వెళ్లండి. వెనక బోయీలను మాత్రం మెల్లగా నడవమనండి, బలంగా మోస్తారు."

దొరకు ఆ మాట నచ్చి, అలాగే హుకుం చేశారు. వీధి మలుపు రాకముందే ముందువాళ్లు లాగారు, వెనకవాళ్లు నిలిచారు, దొర బురదలో పడ్డారు.

"ఓసి తెలివితక్కువదానా! ముందూ వెనకా ఒకే నడక నడవొద్దూ?"

"తమ హుకుం, దొరా," అంటూ సూరాలు జీపు ఇరుసులు రెండూ విప్పడం మొదలుపెట్టింది.