కిటికీ మూసే వేళ

"సుభాషిణీ! ఆ వీధి కిటికీ వేసెయ్యమ్మా, వాడొచ్చే వేళయింది."

సూర్యప్రకాశం మాస్టారు రోజూ సాయంత్రం అయిదున్నరకి అనే మాటే అది. వాడంటే ఒకప్పటి ప్రాణస్నేహితుడు శేషాద్రి. ఈ వీధి వెంటే షికారుకి వెళతాడు. ఇద్దరికీ మాటల్లేక పందొమ్మిదేళ్లు.

ఆయన దగ్గర ఇంగ్లీషు చెప్పించుకునే సుభాషిణి లేవలేదు. ఆమె ఒళ్లో అక్కకి రాసిన ఇంగ్లీషు ఉత్తరం ఉంది. తనకి మాటమాత్రమైనా చెప్పకుండా పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన అక్కకి, ఇక నీకూ నాకూ ఏమీ లేదని రాసింది. ఆరింటికి పోస్టు డబ్బా తీసేలోగా వెయ్యాలి. కానీ 'హేట్' అన్న మాట చప్పగా తోచింది. డిక్షనరీ అంతా వెతికితే 'అబామినేట్' దొరికింది. పలికితే మబ్బు ఉరిమినట్టుంది.

"మాస్టారూ, 'అబామినేట్' అంటే పరమ అసహ్యించుకోవడమేగా? ఎలాంటప్పుడు వాడాలండీ?"

"ఎవరి మీద వాడదామని?"

"అక్క మీద."

మాస్టారు తనే లేచి కిటికీ రెక్క మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "ఇప్పుడు చెప్పుల చప్పుడవుతుంది, విను. ఎడమ చెప్పు ఈడుస్తాడు. మలుపులో రెండుసార్లు దగ్గుతాడు. పోయిన వారం గొడుగు మార్చాడు."

"కిటికీ వేసే ఉంటుందిగా, గొడుగెలా చూశారు?"

"రెక్కల సందులోంచి."

చప్పుడు కాలేదు. అయిదూ నలభై అయింది. కాఫీ మీద మీగడ కట్టింది. మాస్టారి చెయ్యి రెక్క మీదే ఉంది. సుభాషిణి గడప దిగి వీధి చివరిదాకా చూసొచ్చింది.

"రావట్లేదండీ."

"నిన్న దగ్గు ఎక్కువగా ఉంది వాడికి," అన్నారు మాస్టారు, తనలో తను.

"అసలు ఏం చేశాడండీ ఆయన?"

"నా పద్యం విని నవ్వాడు. నలుగురిలో."

"అంతేనా?"

"అంతే."

ఎక్కడో గడియారం ఆరు కొట్టింది. సుభాషిణికి వినిపించింది. ఉత్తరం ఒళ్లోనే ఉంది, ఆమె లేవలేదు. ఈ నెల్లాళ్లలో అక్కని తలుచుకోకుండా ఒక్క పూటైనా అన్నం తిన్నానా అని ఆలోచిస్తోంది.

మాస్టారు వచ్చి కుర్చీలో కూలబడ్డారు. కిటికీ తెరిచే ఉంది.

"మాటకి అర్థం అడిగావు కదూ," అన్నారు. "పందొమ్మిదేళ్లుగా రోజూ వాడి కోసం ఎదురు చూస్తున్నానమ్మా. అలిసిపోయాను."