నక్క గీసిన రెండొందల ఇరవై బొమ్మలు

ఏమర్రా, రెండు చిన్న రేణువులు ఢీకొంటే ఏమవుతుందో చెప్పడానికి ఫిజిక్సు చదివిన మీ అత్త కాగితాల నిండా బొమ్మలు గీస్తుంది కదా, అవన్నీ గీయకుండా జవాబు రాబట్టలేమా? తొందరపడకు మేధినీ, చెయ్యి దించి విను.

అడవి అంచున ఒక గుల్లగుట్ట. లోపలంతా సొరంగాలే. పైన పడ్డ వాన వాటిలో సుడులు తిరిగి కింద రెండు కంతల్లోంచి బయటికొస్తుంది. ఒక కంత ఎదురుగానే కుందేలు బొరియ. అందులో ఇంకా కళ్లు తెరవని పిల్లలు నాలుగు.

"నక్క మావా, మబ్బు కమ్మింది! నా బొరియ ఒక్క కుండ నీళ్లు తట్టుకుంటుంది, రెండైతే మునుగుతుంది. ఊరికే చలిలోకి తీసుకెళ్తే పిల్లలు బతకరు. కదలమంటావా, వద్దంటావా?"

నక్క మీసం దువ్వింది. "నీళ్లు పోగల ప్రతి దారికీ ఒక బొమ్మ గీయాలి. తిన్నగా పోయేది, ఒక చుట్టు చుట్టేది, రెండు చుట్లు చుట్టేది... మొత్తం రెండొందల ఇరవై!"

ఇసకలో గీస్తూ దారుల ఎత్తులు తన చెవి నుంచి కొలిచింది. నలభయ్యో బొమ్మకి మెడ పట్టేసి, తోక నుంచి కొలవసాగింది. అంకెలన్నీ తారుమారు!

"మళ్లీ మొదటికి!"

పక్కనే నెమరేస్తున్న ఎద్దు నవ్వింది. "చెవి నుంచైతేనేం, తోక నుంచైతేనేం? ఈ కంతకీ ఆ కంతకీ ఎత్తులో తేడా మారదు కదయ్యా!"

"దుక్కి దున్నేవాడివి, నీకేం తెలుసు?"

"గుట్ట నడుమ సన్నటి మెడ ఉందని తెలుసు. కిందికొచ్చే ప్రతి చుక్కా దాన్ని దాటాల్సిందే. పైన పడ్డదాంట్లో సగం మెడ దాకా వస్తుంది, మిగతాది చీలికల్లో ఇంకుతుంది. మెడ దాటినదాంట్లో సగం ఈ చెల్లి వైపు, సగం ఏటి వైపు. రెండూ పోయినేడు చూసినవే. సగంలో సగం ఎంత చెల్లీ?"

"పావు!"

"ఆ మబ్బు ఎనిమిది కుండలు కుమ్మరించేలా ఉంది."

"అమ్మో, రెండు కుండలు!" కుందేలు ఒక్కో పిల్లనీ నోట కరుచుకుని ఎద్దు కొట్టంలో, వెచ్చటి గడ్డిలో చేర్చింది.

వాన దబదబా మొదలైంది. "ఆగండాగండి, రెండొందల పందొమ్మిదీ కూడేశాను, ఇంకొక్కటే!" అంటూ నక్క ఆఖరి దారి చూడ్డానికి గుట్టలోకి దూరింది. నీళ్లు దాన్ని తిప్పి, చుట్టి, మెడలోంచి పిండి, బొరియ ముందు దభీమని పడేశాయి. బొరియలో అప్పటికే నిండా నీళ్లు.

"హాచ్! తేలింది!" అని అరిచింది నక్క. "కుడికి తిరిగే బొమ్మని ఎడమకి తిరిగేది కొట్టేసింది! కొట్టేసుకుంటూ పోతే మిగిలింది పావు! పావే!"

"మెల్లగా మావా," అంది కుందేలు కొట్టంలోంచి, "పిల్లలు ఇప్పుడే పడుకున్నారు."

విన్నారా? దారులన్నీ తిరగకపోయినా, తెలిసిన చిన్న ముక్కల్ని సరైన చోట అతికితే పెద్ద లెక్క తేలుతుంది.

ఇక లేస్తానర్రా, గోంగూర సగమే ఒలిచాను.