మూడుసార్లు పలికే చిలక

పన్నెండు వందల అడుగులు! మణిధర మహారాజు మూడో కొడుకు నీలకేతుకు ఉన్న ఆస్తి అంతే. ఆ రాజ్యం నిండా లోయలే పిల్లలూ, వంతెన ఒక్కటీ లేదు. రాజైనా రైతైనా తాడు మీద నడిచి దాటాల్సిందే. తాడెక్కే ముందు, తాను ఇంతవరకు ఒక్క విడతలో పడకుండా మహా అయితే ఎన్ని అడుగులు నడిచాడో పైకి చెప్పడం అక్కడి ఆచారం. అన్నలిద్దరూ అది ఎప్పుడో మానేశారు. "లెక్కలు నేర్చుకునేవాళ్ళకిరా, మాకెందుకు?" అని నవ్వేవారు.

ఏడు అడవుల అవతల ఉగ్రజటి అనే మాంత్రికుడు పెద్ద లోయకు తాడు కట్టి, దమ్మున్నవాళ్ళను రమ్మన్నాడు. అతని దగ్గర ఒక మాయ చిలక ఉంది. తాడు దగ్గర ఎవరేమన్నా అది మూడుసార్లు పలుకుతుంది. అన్నట్టు చెయ్యకపోతే అన్నవాడు రాయైపోతాడు.

"పరుగెత్తుకుంటూ దాటేస్తా!" అన్నాడు పెద్దన్న. నడుమ ఊపిరికోసం ఆగాడు, రాయయ్యాడు. "కళ్ళు మూసుకుని దాటేస్తా!" అన్నాడు రెండో అన్న. గాలి వీచగానే కళ్ళు తెరిచాడు, రాయయ్యాడు. ఉగ్రజటి ఇద్దరినీ అవతలి ఒడ్డున తన ఇంటి గుమ్మానికి చెరోపక్క నిలబెట్టుకున్నాడు.

అన్నల కోసం నీలకేతు బయలుదేరాడు. నడిచాడు, నడిచాడు, మళ్ళీ నడిచాడు. పాదాలు పగిలాయి. ఏడో అడవిలో ఒక ముసలి ఉడుత చిలక సంగతంతా చెప్పి, "ఆ తాడు నీ కాళ్ళకి పదమూడు వందల అడుగులు నాయనా. అక్కడ మాట జారకు" అంది.

నీలకేతు కర్ర పట్టుకుని తాడెక్కాడు. "ఇంతవరకు ఒక్క విడతలో పన్నెండు వందలు నడిచాను" అన్నాడు. చిలక మూడుసార్లు పలికింది. ఏమీ కాలేదు.

పన్నెండు వందల అడుగులయ్యాక ఆగాడు.

"ఏరా బుడతా, చేతకాలేదా?" అవతలి ఒడ్డున ఉగ్రజటి వెక్కిరించాడు.

"అలిసిపోయానయ్యా."

"దాటేస్తానని ఒక్కసారి అనరాదూ!"

"నడిచిందే చెప్పగలను. నడవంది నాకేం తెలుసు?"

ఉగ్రజటికి ఒళ్ళు మండింది. "ఛీ, పిరికివాడా! ఆ వంద అడుగులూ నేనైతే కర్ర లేకుండా, గెంతుకుంటూ వచ్చేస్తా!"

"చూడాలని ఉంది," అన్నాడు నీలకేతు నీరసంగా.

చిలక అప్పటికే పలుకుతోంది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. ఉగ్రజటి ముఖం పాలిపోయింది. జీవితమంతా తాళ్ళు కట్టాడే గాని ఏనాడూ ఎక్కలేదు. ఒక గెంతు గెంతాడు. రెండో గెంతుకు తాడు పట్టుకుని వేలాడాడు. మరుక్షణం రాయై లోయలో పడ్డాడు.

అతను పడగానే గుమ్మం దగ్గర రాళ్ళైన అన్నలకు ప్రాణం వచ్చి, ఒళ్ళు విరుచుకున్నారు. తమ్ముణ్ణి చూసి పెద్దన్న కేకేశాడు: "వచ్చెయ్‌రా తమ్ముడూ! వందే కదా, నీకదెంత పని!"

"అన్నా, నీకో దణ్ణం, మాట్లాడకు. చిలక ఇంకా వింటోంది."

పెద్దన్న రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. నీలకేతు కర్ర సరిచూసుకుని, ఊపిరి పీల్చి, పన్నెండు వందల ఒకటో అడుగుకు కాలెత్తాడు.