మూడు వందల పన్నెండు మంది

ఆ నగరం గురించి బేనెక్‌కు తెలియని సంగతి లేదు. అయినా జేలిక్ గారు సంతకం పెట్టడం లేదు.

తూర్పు ఐరోపాలో, నది మలుపు తిరిగే చోట ఉన్న పాత నగరం అది. అక్కడి యూదుల పేటను యాత్రికులకు నడిపించి చూపించాలంటే మెడలో గైడు బిళ్ల వేలాడాలి. ఆ బిళ్ల చేతికి రావాలంటే ఒక పెద్ద గైడు వెంట తిరిగి నేర్చుకోవాలి. 'ఇతను ఇక ఒంటరిగా మనుషుల్ని నడిపించగలడు' అని ఆయన కాగితం మీద సంతకం పెట్టాలి. నలభై ఏళ్లుగా ఆ వీధులు చూపిస్తున్న జేలిక్‌ను అందరూ రెబ్ జేలిక్ అని పిలుస్తారు. రెబ్ అంటే మనం 'గారు' అన్నట్టే. బేనెక్ ఆయన వెనకాల నలభై ఒక్కసార్లు తిరిగాడు. ఎన్నోసారి ఎక్కడ ఏం చెప్పారో కూడా రాసి పెట్టుకున్నాడు.

నలభై రెండోసారి, ఒక ఆదివారం పొద్దున, జేలిక్ ఎక్కడినుంచో చక్రాల సంచి ఒకటి బరువుగా లాక్కుంటూ వచ్చారు.

"ఇవాళ నేను నోరు విప్పను. మొత్తం నువ్వే చెప్పు," అన్నారు.

బేనెక్ గుండె ఎగిరి గంతేసింది. ఇవాళే! ఇవాళ సాయంత్రానికి సంతకం!

వచ్చినవాళ్లు పదహారు మంది. పదకొండు మజిలీలు, తొంభై నిమిషాలు. ఒక్కో మజిలీకి ఎన్ని నిమిషాలో అతను ముందే ఫోన్లో పెట్టుకున్నాడు. వెనక్కి నడుస్తూ, చేతులు ఊపుతూ, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు. ఇక్కడ రొట్టెల బట్టీ, అక్కడ ప్రార్థనా మందిరం, అందులో కూర్చునే చోట్లు నాలుగు వందల ఎనభై, దాన్ని కట్టడానికి పట్టిన ఏళ్లు తొమ్మిది. అతని హుషారు చూసి జనానికీ హుషారెక్కింది. చికాగో నుంచి వచ్చిన పెద్ద బొజ్జాయన, పేరు హార్వే, "ఈ కుర్రాడు మన కంటే ముందే గమ్యం చేరేట్టున్నాడు!" అని అరిచాడు. అందరూ నవ్వారు.

అయిదో మజిలీ ఒక రాతి కమాను. ఒక పక్క కూరగాయల కొట్టు, ఇంకో పక్క మంగలి దుకాణం. దుకాణం గుమ్మంలో క్షౌరం చేసే ఆవిడ దువ్వెన పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదే గేటు!" అన్నాడు బేనెక్. "యుద్ధకాలంలో జర్మన్ సైన్యం ఇక్కడి యూదులందరినీ ఏడు వీధుల్లోకి తోసి చుట్టూ గోడ కట్టింది. దాన్నే ఘెట్టో అన్నారు. ఇరవై ఆరు వేల మంది! అయితే అందరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నేలమాళిగలో దొంగచాటుగా ప్రెస్సు నడిపారు. కరపత్రాలు వేశారు. అచ్చుకి కావలసిన సీసపు అక్షరాలను బంగాళాదుంపల సంచుల అడుగున దాచి, కాపలావాళ్ల ముందు నుంచే, ఈ గేటులోంచే తెచ్చారు. అలా ఎదురు తిరిగినవాళ్ల జాబితా దొరికింది. సరిగ్గా మూడు వందల పన్నెండు మంది!"

ఒక ముసలావిడ చెయ్యెత్తింది. అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్ నుంచి వచ్చిన పెర్లా. ఎనభై దాటాయి.

"మా పిన్ని ఇక్కడే ఉండేది నాయనా. రీవ్కా ఫైన్‌గోల్డ్. కుట్టుపని చేసేది. యుద్ధానికి ముందే మా అమ్మ ఓడెక్కేసింది. పిన్ని రాలేదు. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ జాబితాలో ఆవిడ ఉందా? అది కనుక్కుందామనే వచ్చాను."

బేనెక్ ఫోను తీసి గబగబా వెతికాడు. అతని దగ్గర జాబితా మొత్తం ఉంది.

"ఫైన్‌గోల్డ్… లేరండీ. జాబితాలో లేరు." ఆవిడ మొహం చూసి, ఓదారుద్దామని కాబోలు, ఒక ముక్క కలిపాడు. "అయినా చాలామంది లేరు లెండి. లెక్కేస్తే అందులో ఉన్నది నూటికి ఒకటింబావు కూడా కాదు."

"ఓహో," అంది పెర్లా. చేతిలోని వీధుల పటాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దోపుకుని అందరి వెనక్కి వెళ్లి నిలబడింది.

నోరు విప్పనన్న జేలిక్ నోరు విప్పారు.

"బేనెక్, వెళ్లి ఆ కమాను కింద నిలబడు."

"ఎందుకు రెబ్ జేలిక్? ఇంకా ఆరు మజిలీలున్నాయి."

"నువ్వు కాపలావాడివి. వీళ్లంతా తలా రెండు కిలోల దుంపల సంచి పట్టుకుని నీ ముందు నుంచి పోతారు. ఒక్క సంచిలో మాత్రం అడుగున ఎనిమిది కిలోల సీసపు అక్షరాలుంటాయి. ముగ్గుర్ని ఆపి వెతకొచ్చు. నాలుగోవాళ్లను ఆపకూడదు. పట్టుకున్నావంటే ఈ పూటే సంతకం పెడతాను."

"నిజంగానా!"

జేలిక్ చక్రాల సంచి లాక్కుంటూ పదహారు మందినీ కొట్లోకి తీసుకెళ్లారు. లోపల్నుంచి నవ్వులూ, తక్కెడ చప్పుడూ, "ఏ సంచి ఎవరికి వస్తుందో నాకూ తెలియదు, మీరే తీసుకోండి" అన్న ఆయన మాటా వినపడ్డాయి.

బేనెక్ కమాను కింద టోపీ సర్దుకున్నాడు. పదహారు మంది, మూడు అవకాశాలు. గుడ్డిగా చెయ్యి వేసినా ఇంచుమించు అయిదో వంతు. కళ్లు తెరిచి చూస్తేనో? ఉత్త సంచి రెండు కిలోలు, దొంగ సంచి పది. భుజం వంగి తీరాలి. సంతకం పడ్డట్టే!

వచ్చారు.

మొదట ఇద్దరు డచ్చి అక్కచెల్లెళ్లు, కబుర్లు చెప్పుకుంటూ. వదిలేశాడు. వాళ్ల వెనక హార్వే. కుడి భుజం ఒక పక్కకి వాలిపోయింది, మూలుగుతున్నాడు.

"ఆగండి!"

సంచి గుమ్మరించాడు. అన్నీ దుంపలే.

"వయసు మీద పడింది బాబూ, రెండు కిలోలకే ఈ అవస్థ," అన్నాడు హార్వే, నడుం పట్టుకుని.

వెనకనుంచి కేకలు మొదలయ్యాయి. ఫ్రాన్సులోని లియాన్‌లో రైళ్లు నడిపి రిటైరైన గాస్తోం చేతులు తిప్పుతూ మీదికొచ్చాడు. "ఇంత ఆలస్యమా! నా బండి ఇలా నిలబెడితే ఉద్యోగం ఊడబెరికేవాళ్లు! నన్ను వెతుకు! ఏం, భయమా?"

ఇంత గోల చేస్తున్నాడంటే ఏదో ఉంది. బేనెక్ అతని సంచి లాక్కున్నాడు. దుంపలే. గాస్తోం ఇంకా గట్టిగా అరిచాడు.

ఇక ఒక్క అవకాశం. ఎవరో పొడుగాటి మనిషి చేతులు మార్చుకున్నాడు. అతన్ని ఆపబోతుండగా ఫట్‌మని చప్పుడు. పెర్లా సంచి చినిగింది. దుంపలు రాళ్ల బాట మీద దొర్లుకుంటూ నలుదిక్కులకీ పరిగెత్తాయి.

"అయ్యో, అయ్యో నాయనా! నేను వంగలేను!"

కాపలావాడు మోకాళ్ల మీద కూలబడి దుంపలు ఏరాడు. ఏం చేస్తాడు, పెద్దావిడ! అతని నెత్తి పక్కనుంచి ఆరు జతల బూట్లు దాటిపోయాయి. పదమూడు దుంపలు ఏరి, పైకి లేచి, ఆదరాబాదరాగా ఆ పొడుగాటి మనిషిని ఆపాడు.

దుంపలే.

కమాను అవతల పెద్ద కేక లేచింది. చప్పట్లు, ఈలలు. స్పెయిన్‌లోని సెవిల్‌లో స్కూలు లైబ్రరీ చూసుకునే ఇనేస్, గాలికి ఎగిరిపోయేలా ఉండే సన్నటి మనిషి, తన సంచి బోర్లించింది. దుంపల వెనకాల గుడ్డమూట దబ్బున పడింది. సీసపు అక్షరాలు ఎండలో మెరిశాయి.

"మీరా!" అన్నాడు బేనెక్. ఓడిపోయాడన్న మాటే మరిచిపోయి అతనూ నవ్వేశాడు. "భలే చేశారే! ముందే మాట్లాడుకున్నారా పెర్లా గారితో?"

"ఆవిడ పేరు కూడా నాకు తెలియదు," అంది ఇనేస్, అరచేతులు రుద్దుకుంటూ.

"ఏం మాట్లాడుకోలేదు," అంది పెర్లా. "ఆ పిల్ల వేళ్లు తెల్లబడిపోయాయి. చూశాను. సంచి అంచు నా గోరుతో కాస్త చింపాను. అంతే."

"నేనూ చూశాను," అన్నాడు గాస్తోం. "లేకపోతే అంత చక్కటి కుర్రాణ్ణి తిడతానా?"

"నేను కొట్లోనే చూశా," హార్వే భుజం నిటారుగా పెట్టాడు. "నటన ఎలా ఉంది?"

జేలిక్ దగ్గరికి వచ్చారు.

"ఇప్పుడు లెక్క చెప్పు. సీసం గేటు దాటించింది ఎంతమంది?"

లెక్కంటే బేనెక్‌కు ఎంతసేపు! వేలు చాచాడు. "మోసింది ఇనేస్ గారు, ఒకరు. పెర్లా గారు, రెండు. గాస్తోం గారు, హార్వే గారు, నాలుగు…"

డచ్చి అక్కగారు వెనక్కి జరిగింది. "నన్ను కలపకు. నేనేం చెయ్యలేదు. కొట్లో ఆ అమ్మాయి సంచి ఎత్తలేక ఎత్తడం చూశాను, చూసి చెల్లెలితో కబుర్లలో పడ్డాను. నీకు చెప్పలేదు, అంతే."

బేనెక్ వేలు ఆవిడ దగ్గర ఆగింది.

"నేనూ అంతేగా!" అని వెనకనుంచి ఒక గొంతు. దువ్వెన పట్టుకున్న ఆవిడ. "నువ్వు కింద దుంపలు ఏరుతుంటే ఆ సంచి నా గుమ్మానికి తగిలింది. ఠక్కుమంది. నువ్వు తల ఎత్తి నా వంక చూశావు కూడా. నేను ఆకాశం వంక చూశాను."

వేలు అటు తిరిగింది. కూరగాయల కొట్టు వైపు తిరిగింది. కమాను పైన తెరిచి ఉన్న కిటికీల వైపు లేచింది. ఎవరి దగ్గర ఆగాలో తెలియక, మెల్లగా దిగిపోయింది.



బేనెక్ టోపీ తీసి చంకలో పెట్టుకుని పెర్లా దగ్గరికి నడిచాడు.

"మీ పిన్నిగారు ఏ ఇంట్లో ఉండేవారండీ?"

"తాళాల సందు, పదిహేడు. ఉత్తరాల మీద అదే ఉండేది." "ఇప్పుడు ఉందో, కూల్చేశారో."

"ఉంది! పచ్చ తలుపు, పైన రెండు కిటికీలు! నేను రోజూ దాని ముందు నుంచే వస్తాను!" అన్నాడు. అని, జేలిక్ వైపు తిరిగి తల దించుకున్నాడు. "కానీ అది మన దారిలో లేదు రెబ్ జేలిక్. వెనక్కి వెళ్లాలి. మిగతా మజిలీలు అందవు."

జేలిక్ అప్పటికే కొట్టు ముందున్న బల్ల మీద కూర్చుని బూటు తాళ్లు విప్పుకుంటున్నారు.

"నాకు కాళ్ల నొప్పులు," అన్నారు తల ఎత్తకుండానే. "నువ్వు తీసుకెళ్లు."