సొరపాదు ఎక్కిన గుంజ

ఆ పట్నంలో ఓ కట్టుబాటు ఉండేది. ఇల్లు అమ్మిపెడతానని ఒప్పుకున్న దళారి ఆ వాకిట్లో తన రంగు వేసిన గుంజ పాతేవాడు. దాన్ని మళ్లీ అతనే పీకాలి. పీకేదాకా ఆ ఇంటిని ఇంకెవరూ అమ్మడానికి లేదు.

చాపలల్లే తవిటమ్మ వాకిట్లో దళారి జగ్గప్ప గుంజ పాతి, మళ్లీ అటు తొంగిచూడలేదు. ఆమె విసిగిపోయి ఇంటిని జగ్గప్ప బావమరిదికి చవగ్గా ఇచ్చేస్తుందని అతని ఎత్తు. పక్కింటి కుమ్మరి మంచి ధరకి కొంటానన్నా తవిటమ్మకి చేతులు కట్టేసినట్టయింది.

"నా ఇల్లు నాకు వదిలెయ్యండి బాబూ," అని బతిమాలింది.

"ఇల్లమ్మడమంటే చాపలల్లడం అనుకున్నావా? ఓపిక పట్టు," అని జగ్గప్ప మీసం దువ్వాడు.

తవిటమ్మ ఓపిక పట్టింది. గుంజ మొదట్లో సొరవిత్తు వేసి నీళ్లు పోసింది. పాదు గుంజంతా అల్లుకుని విరగకాసింది. ఆ కాయలు సంతకి మోసుకెళ్లి, ఇల్లు అమ్మదలచిన ప్రతివాళ్లకీ ఊరికే పంచింది.

"జగ్గప్పగారి గుంజకి కాసినవమ్మా! ఆయన గుంజ పాతాకే విత్తు వేశాను."

సంతంతా పగలబడి నవ్వింది. ఆపైన జగ్గప్ప గడప తొక్కినవాడు లేడు.

చివరికి అతనే రొప్పుతూ వచ్చి, వీధంతా చూస్తుండగా గుంజ పీకేశాడు. తవిటమ్మ అక్కడికక్కడే కుమ్మరితో బేరం ఖాయం చేసుకుంది. పాదుకి మిగిలిన కాయ కోసి జగ్గప్ప చేతిలో పెట్టింది.

"తమరి గుంజ వల్ల వచ్చిన రాబడి ఇదే బాబూ. తమరి వాటా తమరు పట్టుకెళ్లండి."