నెమలిగుట్ట కుందేళ్ల గడ్డి కొలత

నెమలిగుట్ట కుందేళ్లకు ఒక ఆచారం ఉండేది. వానలు వెనకబట్టగానే అందరిలోకి పెద్దదైన సూరమ్మ వెళ్లి గుట్ట మీద గడ్డిలో కూర్చునేది. ఆమె చెవులు గడ్డిలో మునిగిపోతే ఆ ఏడు అందరూ గుట్ట మీదే ఉండవచ్చు. చెవులు పైకి కనబడితే మాత్రం సగంమంది వాగు దాటి అవతలి బీడుకు పోవాలి.

ఈ కొలత ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. నక్క కంటబడకుండా దాక్కోవడానికని అందరూ అనుకునేవారు. తన తల్లి అసలు కారణం చెప్పిందని, తానే మరిచిపోయానని సూరమ్మ ఒప్పుకునేది.

గుట్ట కింద బొరియలో గంగులు అనే నక్క, అతని భార్య నాంచారి, నలుగురు పిల్లలు ఉండేవారు. గంగులు వారానికి ఒక కుందేలును పట్టేవాడు. ఇల్లు గడిచిపోయేది. అలా గడిచిపోతుండగా అతనికి ఒక ఆలోచన వచ్చింది. గుట్ట మీద ఇప్పుడు నలభై కుందేళ్లున్నాయి. ముట్టకుండా వదిలేస్తే వచ్చే ఏటికి నూట ఇరవై అవుతాయి, పై ఏటికి మూడు వందల అరవై. ఆ తర్వాత కాలు కదపకుండా తినొచ్చు.

అప్పటిదాకా పిల్లలకేం పెట్టాలని నాంచారి అడిగింది. వాగులో పీతలున్నాయి, పొదల్లో రేగుపళ్లున్నాయి అన్నాడు. పెళ్లినాడు కూడా తనకు ఇలాంటి లెక్కే చెప్పాడని ఆమె గుర్తుచేసింది.

గంగులు గుట్టెక్కి, ఇకమీద కుందేళ్ల జోలికి రానన్నాడు. అడవిపిల్లిని కూడా రానివ్వనని, కాపలా కూర్చుంటానని మాటిచ్చాడు.

"ఇందులో నీకేం ఒరుగుతుంది నాయనా?" అంది సూరమ్మ.

"వయసు పైబడుతోంది పిన్నమ్మా. నలుగురూ నా గురించి మంచిగా చెప్పుకుంటే చాలు."

ఆ ఏడు వానలు వెనకబట్టాక సూరమ్మ గడ్డిలో కూర్చుంది. చెవులు రెండు వేళ్ల ఎత్తు పైకి కనబడ్డాయి. సగంమంది బయలుదేరాలంది ఆమె. వీరన్న అనే పడుచు కుందేలు నవ్వాడు. కాపలా రాతి మీంచి గంగులు కూడా నవ్వాడు.

"దాక్కోవడానికి కదా పిన్నమ్మా ఈ కొలత? మీరు దాక్కునేది నా నుంచేగా? నేనేమో ఇక్కడే కూర్చున్నాను."

గుట్టంతా నవ్వింది.  చెవులు కనబడ్డాయి, కనబడితే పొమ్మని మా అమ్మ చెప్పింది, అంతే అంది సూరమ్మ. అలవాటు మానలేని ఆరుగురు ముసలివాళ్లను వెంటబెట్టుకుని ఆమె వాగు దాటింది. బీడు గాలి ఒంటికి మంచిదట అని పడుచువాళ్లు వేళాకోళం చేశారు.

గంగులు లెక్క తప్పలేదు. ఏడాది తిరిగేసరికి నూట ఇరవై దాటాయి. పై ఏడు మూడు వందల పైచిలుకు. రోజూ సాయంత్రం వాటిని లెక్కపెట్టి ఇంటికొచ్చి పీత నమిలేవాడు. పిల్లల పక్కటెముకలు బయటపడుతున్నాయి, ఈ పూటకు ఒక్కదాన్ని తెమ్మంది నాంచారి. ఒకటి తింటే ముందుముందు మూడు పోతాయన్నాడు.

మోదుగలు పూసే వేళకు, కుందేళ్ల విందుకు రమ్మని పిలవడానికి గంగులు అత్తవారి ఊరు వెళ్లాడు. ఆ మర్యాదలు తేలేసరికి నెలన్నర పట్టింది. చివరికి మామగారితో, పదిమంది బంధువులతో నాలుకలు తడుపుకుంటూ వచ్చాడు.

గుట్ట మీద ఎర్రమట్టి, రాళ్లు మాత్రమే ఉన్నాయి. గడ్డి అయిపోయాక కుందేళ్లు వేర్లు తిన్నారు, వేర్లు అయిపోయాక పొదల బెరడు గీరుకున్నారు. తల్లులకు పాలు ఎండిపోయాయి. ఒకరినొకరు ఒరుసుకుని ఉండడంతో గజ్జి అందరికీ పాకింది. లేవగలిగిన కొద్దిమంది వాగు దాటి సూరమ్మ దగ్గరకు చేరారు.

గంగులు వాగు దాకా పరుగెత్తాడు. అవతల సూరమ్మ కూర్చుని ఉంది. పక్కన వీరన్న తలవంచుకుని గడ్డి నములుతున్నాడు.

"నా మూడు వందల అరవై ఏవి పిన్నమ్మా? నేను ఒక్కదాన్నైనా ముట్టలేదే."

"అందుకే లేవు నాయనా. నువ్వు వారానికి ఒకటి తిన్నన్నాళ్లూ నలభై ఉండేవి. మా అమ్మ చెప్పింది ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ కొలత నీ నుంచి దాక్కోవడానికి కాదు, గడ్డి మాకు సరిపోతుందో లేదో చూసుకోవడానికి."

గంగులు గుట్ట వైపు చూసి, మళ్లీ ఎప్పటికి కోలుకుంటుందని అడిగాడు.

"వానలు పడనీ. నా చెవులు మునిగిననాడు మేం తిరిగొస్తాం. నువ్వూ నీ పాత వేటకే రా. కాపలా మాత్రం వద్దు."

వెనకనుంచి మామగారు దగ్గాడు. "అల్లుడూ, ఆకులు పరిచారు. వడ్డనెప్పుడు?"

నాంచారి వచ్చి, తండ్రికి పెద్ద పీత, మొగుడికి చిన్న పీత వడ్డించింది.

మందను లెక్కపెట్టుకునేవాడు ముందు గడ్డి ఎంతుందో చూసుకోవాలి.