నలభై బారల తాడు

ఒకానొక రాజ్యంలో ఒక తెలివైన కొలువుగాడు రేవులోని పడవలన్నిటినీ దాచేసి, తాగి ఉన్న రాజు చేత యుద్ధం మాన్పించాడని కథకులు చెబుతారు. వినడానికి బాగుంది, నమ్మడానికి బాగులేదు. ఏడు పడవలను దాచగల చోటు ఆ రేవులో లేదు. దాచిన సంగతిని దాచగల నోరు ఆ ఊళ్ళో అసలే లేదు. జరిగింది వేరు.

ఏటిగడ్డను ఏలిన ఉద్దండరాయలు పరగడుపున మహా జాగరూకుడు. స్నానానికి మెట్టు దిగాలన్నా ముందు ఇంకొకరిని దిగమనేవాడు. మధ్యాహ్నపు విందులో ఇప్పసారా మూడో గిన్నె ఖాళీ అయ్యాక మాత్రం లోకంలో లోతైనదీ, పదునైనదీ ఆయన కంటికి కనబడేది కాదు.

ఆ శ్రావణంలో ఏరు ఒడ్డులొరుసుకుని పారుతోంది. అవతలి గట్టు రాజు తనకంటే పొడుగు మీసం పెంచాడని విందులో ఎవరో అన్నారు. అప్పటికి మూడో గిన్నె అయింది.

"ఇప్పుడే ఏరు దాటుతున్నాం! ఆ మీసం పొద్దుగూకేలోగా మా పాదాల దగ్గర ఉండాలి!"

"చిత్తం, చిత్తం!" అన్నారు సేనానులు. వాళ్ళవి రెండేసి గిన్నెలు.

రేవుపెద్ద పోలన్నను పిలిపించారు. అతడు తలగుడ్డ తీసి చేత పట్టుకుని, "దొరా, ఈ వరదలో పడవలు దింపితే మూడువందల మంది బంట్లు శవాలై తేలతారు. నేను దింపను" అన్నాడు.

"అయితే నీ తల దింపుతాం!"

ఆ సభలో గిన్నె ముట్టనివాడు విదూషకుడు తిప్పరసు ఒక్కడే. అదీ కడుపునొప్పి వల్ల; సద్గుణం వల్ల కాదు. అతడు పోలన్న మెడ వంక చూశాడు. మత్తులో ఉన్నవాడికి అడ్డు చెప్పడం నిప్పులో నెయ్యి పోయడమే. అందుకని తిప్పరసు వంత పాడాడు.

"వీడు వట్టి పిరికివాడు ప్రభూ! ఏమిరా, ఏరు ఎంత వెడల్పంటావు?"

"మూడువందల బారలు, సామీ."

రాయలు పగలబడి నవ్వాడు. "మూడువందలా! నలభై! మాకు కళ్ళు లేవనుకున్నావా?"

"శ్రీవారి చూపు తప్పుతుందా!" అన్నాడు తిప్పరసు. "అయితే ఈ రేవుకొక ఆచారం ఉంది. వరదలో ఏరెంతో చెప్పినవారి మాట ప్రకారమే తాడు కొలవాలి. ఒక కొస ఒడ్డున గుంజకు, రెండో కొస మొదటి పడవకు. ఆ పడవలో చెప్పినవారే కూర్చోవాలి. అది అవతల చేరాకే తక్కిన పడవలు కదలాలి. తమరు నలభై అన్నారు. ఆ మాట తాటాకు మీద రాయించి ముద్ర వేయించండి."

రాయలు ముద్ర స్వహస్తంతోనే వేశాడు. మొదట సేనాపతి చేతి మీద, తరువాత ఆకు మీద.

రేవులో తాడు కొలుస్తుంటే పోలన్నకు సంగతి బోధపడింది. తిప్పరసు వంక చూశాడు. తిప్పరసు ఆకాశం వంక చూశాడు.

రాయలు మీసం మీద చెయ్యి వేసి పడవలో నిలబడ్డాడు. పోలన్న గడ వేశాడు. నలభై బారలు సాగగానే తాడు బిగిసింది, పడవ గుంజుకుంది, రాయలు జారిపడ్డ తన కిరీటం మీదే కూలబడ్డాడు.

"ఆపావేం? పోనీ!"

"తాడు అయిపోయింది దొరా."

"మరి ఏరు?"

"ఏరు ఇంకా మొదలు కాలేదు దొరా."

సుడి పడవను గిర్రున తిప్పింది. నీళ్ళు లోపలికి వచ్చాయి; ఇప్పసారా బయటికి వచ్చింది. తాడు కట్టిన పడవను వరద ఎక్కడికి తీసుకుపోగలదు? ఉయ్యాలలా ఊపి, కొంత దిగువన ఇవతలి ఒడ్డుకే విసిరింది.

"ఎవడురా తాడు ఇంత పొట్టిగా కోయించింది?" అన్నాడు రాయలు వణుకుతూ.

తిప్పరసు ముద్ర వేసిన ఆకు చూపించాడు.

రాయలు ఆకు మీది తన ముద్రను తడిమి చూశాడు. "మూడువందల బారలు కట్టి ఉంటే?"

"ఈ ప్రశ్న అడిగేవారు ఉండేవారు కారు ప్రభూ. ఏరు పొద్దుటినుంచీ అంతే ఉంది. తమరి గిన్నెగిన్నెకూ చిక్కిపోయింది. నాలుగోది కూడా సేవించి ఉంటే నడిచే దాటేవాళ్ళం. పోలన్నతో పనే ఉండేది కాదు."

రాయలు గుర్రుగా చూశాడు. తడిసిన మీసం ముందు అదిరింది, తరువాత ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. తిప్పరసుకు తన చేతి కంకణం ఇచ్చాడు. పోలన్న తలను ఉదారంగా పోలన్నకే బహూకరించాడు. విందులో ఇచ్చిన ఆజ్ఞ మర్నాడు పరగడుపున మళ్ళీ ఇస్తేనే చెల్లుతుందని శాసించాడు. ఆ తరువాత ఆయన ఏలుబడిలో ఒక్క యుద్ధమూ జరగలేదు. పరగడుపున ఆయన ఎంత జాగరూకుడో ముందే చెప్పుకున్నాం.

ఇక పడవలు దాచాడనేవారు ఆ రేవు రాతిని చదవలేదు. శాలివాహన శకం 1482, రౌద్రి సంవత్సర శ్రావణ బహుళ పంచమి నాడు నాటిన ఆ రాతి మీద ఇలా ఉంది: "ఏడు పడవలున్ను రేవున ఉండగా, శ్రీ ఉద్దండరాయలవారు శత్రువు మీదికి నలభై బారలు వెడలి, విజయులై మరలి వచ్చిరి."